యాభై ఒక్క శాతం నమ్మకంతో జైలు

అమెరికాలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) క్రిమినల్ కేసుల్లో నిందితుల తరఫున వాదించే ఒక చిన్న లాయర్ ఆఫీసులో నేను పారాలీగల్‌ని. మా చుట్టాల్లో చాలామందికి నేను ‘లాయర్ దగ్గర ఏవో కాగితాల పని’ చేస్తానని మాత్రమే తెలుసు. అదీ నిజమే. ఆ కాగితాల్లో ఒకటి వచ్చినప్పుడల్లా మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. దాన్ని ఫారం 12సి అంటారు. ఫలానా మనిషి విడుదల షరతులు తప్పాడు, వారెంటో సమన్లో ఇప్పించండి అని, విడుదలైనవాళ్లను కనిపెట్టుకునే ప్రొబేషన్ ఆఫీసర్ జడ్జికి పెట్టే పిటిషన్ అది. అందులో రాసింది అబద్ధం కంటే నిజమయ్యే అవకాశమే కాస్త ఎక్కువని జడ్జికి అనిపిస్తే చాలు, మనిషి మళ్లీ జైలుకు వెళ్లొచ్చు. జ్యూరీ ఉండదు. సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలన్న మాట ఆ గదిలో వినపడదు.

ఆమధ్య డాలస్ నుంచి మా బావ వచ్చినప్పుడు దీని మీదే వాదన పడింది. “వాడికి ట్రయల్ ఒకసారి అయిపోయింది కదమ్మా. దోషి అని తేలిపోయింది. బయట తిరగనివ్వడమే దయ. ఆ దయ వెనక్కి తీసుకోవడానికి ఇంకో ట్రయల్ ఎందుకు?” అన్నాడు. బావని తప్పుపట్టలేను. అమెరికా సుప్రీంకోర్టు కూడా యాభై ఏళ్లుగా దాదాపు ఇదే చెబుతోంది. కానీ ఆ మాట పాత పెరోల్‌కి సరిపోయినట్టు ఇప్పటి సూపర్‌వైజ్డ్ రిలీజ్‌కి, అంటే జైలు శిక్ష పూర్తయ్యాక బయట ఉండే పర్యవేక్షణ కాలానికి, సరిపోదు. కొత్త నేరం చేశాడని ఆరోపించి మనిషిని లోపల వేయాలంటే, ఏ నేరానికైనా కావాల్సినంత రుజువే అక్కడా కావాలని నేనంటాను.

ముందు ఆ ‘దయ’ సంగతి చూద్దాం. మన దగ్గర ఆగస్టు 15కో జనవరి 26కో సత్ప్రవర్తన ఉన్న ఖైదీలను ప్రభుత్వం ముందుగా వదిలేయడం పేపర్లో చదువుతూనే ఉంటాం. షరతు తప్పితే ఆ మినహాయింపు రద్దు చేసి, మిగిలిన శిక్ష అనుభవించమని మళ్లీ పంపే అధికారం ప్రభుత్వానికి ఉంది. అక్కడ ‘మిగిలిన శిక్ష’ అనేది నిజంగానే ఒకటుంది. అమెరికాలో పాత పెరోల్ కూడా అంతే. పదేళ్లు పడినవాణ్ని ఆరేళ్లకు వదిలారంటే నాలుగేళ్లు అతని ఖాతాలో బాకీ ఉన్నట్టే.

1984 నాటి సెంటెన్సింగ్ రిఫార్మ్ చట్టం ఫెడరల్ కేసుల్లో పెరోల్‌ని ఎత్తేసింది. 1987 నవంబర్ 1 నుంచి జరిగిన నేరాలకు జడ్జి వేసిన శిక్ష లోపల గడపాల్సిందే. మంచి నడవడికకు ఏడాదికి గరిష్ఠంగా 54 రోజులు తగ్గించడం లాంటివి తప్ప పెద్ద వెసులుబాటు లేదు. ఆ శిక్ష అంతా అయ్యాక మొదలయ్యేదే సూపర్‌వైజ్డ్ రిలీజ్. జైలు శిక్షలోంచి కోసి ఇచ్చిన భాగం కాదిది, దాని మీద అదనంగా కలిపింది. బాకీ అంతా తీర్చి బయటికొచ్చిన మనిషి దగ్గర ‘దయ’ వెనక్కి తీసుకోవడమేమిటి?

షరతులు కూడా తక్కువేం కాదు. విడుదలైన 72 గంటల్లో ప్రొబేషన్ ఆఫీసుకు వెళ్లాలి. వారానికి కనీసం 30 గంటల ఉద్యోగం చేయాలి, లేదా దొరకలేదంటే వెతుకుతూ ఉండాలి. ఇల్లు మారాలంటే పది రోజుల ముందు చెప్పాలి. పోలీసులు ఆపి ప్రశ్నలడిగినా 72 గంటల్లో తెలపాలి. ఫెలనీ (తీవ్రమైన నేరం) కింద శిక్ష పడినవాళ్లతో అనుమతి లేకుండా తెలిసి తెలిసి మాట్లాడకూడదు. అనుమతి లేకుండా ఆ కోర్టు పరిధి దాటకూడదు. డాలస్‌లో ఉండేవాడు ఆస్టిన్‌లో అక్క ఇంట్లో గృహప్రవేశానికి వెళ్లాలన్నా పర్మిషన్ కావాలి, ఎందుకంటే డాలస్ ఉత్తర టెక్సస్ కోర్టు కింద, ఆస్టిన్ పశ్చిమ టెక్సస్ కోర్టు కింద ఉంటాయి.

ఇదంతా మనకెందుకు అనుకునే తెలుగువాళ్లు ఉంటారు. వీసా మీద వచ్చి నేరం రుజువైనవాళ్లకు జైలు తర్వాత సాధారణంగా డిపోర్టేషనే కాబట్టి ఈ పర్యవేక్షణ దాకా రాదు. సిటిజన్లయినవాళ్ల సంగతి వేరు. హెల్త్‌కేర్ బిల్లింగ్, వీసా మోసం కేసుల్లో మన ఇంటిపేర్లు కనపడని ఏడాది ఉండదు. వాళ్లూ శిక్ష అయ్యాక ఈ షరతుల కిందికే వస్తారు.

లెక్కలోకి వెళ్తే ఇంకా స్పష్టంగా కనపడుతుంది. క్లాస్ సి ఫెలనీ (తీవ్రతలో క్లాస్ ఏ, బి తర్వాతది) తీసుకుందాం. మామూలుగా దానికి గరిష్ఠంగా మూడేళ్ల సూపర్‌వైజ్డ్ రిలీజ్. ఒక మనిషి రెండేళ్ల పదకొండు నెలలు ఏ తప్పూ లేకుండా గడిపాడు. ఆఖరి నెలలో ఒక ఆరోపణ వచ్చింది, జడ్జికి నిజమేననిపించింది. గరిష్ఠంగా రెండేళ్లు జైలుకు పంపొచ్చు. బయట బుద్ధిగా గడిపిన రెండేళ్ల పదకొండు నెలలకు అందులో ఒక్క రోజు కూడా తగ్గింపు రాదు, చట్టంలోనే ఆ మాట రాసి ఉంది. జైలు అయ్యాక మిగిలిన ఏడాదికి మళ్లీ సూపర్‌వైజ్డ్ రిలీజ్ వేయొచ్చు. క్లాస్ బి అయితే మూడేళ్ల దాకా, క్లాస్ ఏ అయితే ఐదేళ్ల దాకా జైలు. దీన్నంతా తేల్చే రుజువు స్థాయి ఏమిటంటే, సివిల్ దావాలో ప్రహరీగోడ తగాదాకి వాడేదే. సాక్ష్యం ఎటు మొగ్గితే అటు. తక్కెడలో ఒక పక్కన గింజంత ఎక్కువైనా చాలు.

ఇది ఎలా వచ్చిందో చూస్తే విచిత్రంగా ఉంటుంది. 1970లో న్యూయార్క్ నుంచి విన్‌షిప్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పన్నెండేళ్ల పిల్లాడు ఒకావిడ పర్సులోంచి 112 డాలర్లు తీశాడన్నది ఆరోపణ. ఫ్యామిలీ కోర్టు జడ్జి సాక్ష్యాల మొగ్గు చూసి తీర్పిచ్చేశాడు. ఇది శిక్షించడానికి కాదు, పిల్లాణ్ని బాగుచేయడానికి, అందుకే అంత రుజువు అక్కర్లేదు అని రాష్ట్రం వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పేరు ఏదైనా పిల్లాడి స్వేచ్ఛ పోతోంది కదా, సందేహానికి తావు లేని రుజువు కావాల్సిందే అంది. ఆ రుజువు స్థాయి రాజ్యాంగం అడిగేదేనని కోర్టు సూటిగా తేల్చింది ఆ కేసులోనే.

రెండేళ్లకే, 1972లో, అయోవా నుంచి మోరిస్సీ కేసు వచ్చింది. పెరోల్ రద్దు చేసేటప్పుడు కనీస న్యాయప్రక్రియ పాటించాలని కోర్టు చెప్పింది. నోటీసు ఇవ్వాలి, సాక్ష్యం చూపించాలి, మాట వినాలి, ఆపడానికి తగిన కారణం ఉంటే తప్ప సాక్షిని ప్రశ్నించనివ్వాలి, కారణాలు రాతలో ఇవ్వాలి. అప్పటికి అది గొప్ప తీర్పే. దాంతోపాటే, పెరోల్ రద్దు అనేది క్రిమినల్ ప్రాసిక్యూషన్‌లో భాగం కాదు కాబట్టి నిందితుడికుండే హక్కులన్నీ ఇక్కడ రావు అని కూడా అంది. బాకీ శిక్ష ఉన్న పెరోలీ గురించి చెప్పిన ఆ మాటే, తర్వాత బాకీ లేని సూపర్‌వైజ్డ్ రిలీజ్‌కీ తగిలించారు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడ జరిగింది.

తగిలించడానికి చెప్పిన కారణం ఇంకా బాగుంటుంది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు రెండు నెలల తేడాలో రెండు జాన్సన్ కేసులు తేల్చింది. మార్చిలో వచ్చిన జాన్సన్, కొన్ని నేర నిర్ధారణలు కొట్టేయడంతో రెండున్నరేళ్లు ఎక్కువ జైల్లో ఉన్నట్టు తేలినవాడు. అనవసరంగా లోపలున్న ఆ కాలాన్ని నా సూపర్‌వైజ్డ్ రిలీజ్‌లో తగ్గించండి అన్నాడు. కుదరదంది కోర్టు. జైలు వేరు, పర్యవేక్షణ వేరు, పర్యవేక్షణ ఉద్దేశం మనిషిని బయట ప్రపంచంలో కుదురుకోనివ్వడం, ఒకదాన్ని ఇంకోదానికి జమ చేయలేం అంది. మే నెలలో వచ్చింది ఇంకో జాన్సన్. సూపర్‌వైజ్డ్ రిలీజ్ రద్దయ్యాక పడే జైలు కొత్త శిక్షా, పాతదా అన్నది ప్రశ్న. కొత్తది అంటే జ్యూరీ కావాలి, సందేహాతీత రుజువు కావాలి, ఒకే తప్పుకు రెండు శిక్షలనే చిక్కు వస్తుంది. అందుకని కోర్టు అది మొదటి నేరపు శిక్షలో భాగమే అంది. మనిషికి లాభం వచ్చేచోట రెండూ వేరు, మనిషికి నష్టం వచ్చేచోట రెండూ ఒకటి. రెండు కేసుల్లో చట్టపు ప్రశ్న ఒకటే కాదని నాకు తెలుసు, లాయర్లు ఆ తేడా గంటసేపు చెప్పగలరు. కానీ జైల్లో కూర్చున్నవాడికి ఆ తేడా చెప్పి చూడండి.

ఈ కట్టడంలో మొదటి పగులు 2019లో వచ్చింది. హేమండ్ కేసు. ఒక్లహోమాకు చెందిన ఇతనికి పిల్లల అశ్లీల చిత్రాలు ఉంచుకున్నాడని జ్యూరీ దోషిగా తేల్చాక 38 నెలల జైలు, పదేళ్ల సూపర్‌వైజ్డ్ రిలీజ్ పడింది. జైలు అయ్యాక అతని ఫోన్, కంప్యూటర్లు చెప్పాపెట్టకుండా సోదా చేసి 59 చిత్రాలు దొరికాయన్నారు. అవి ఫోన్‌లోకి ఎలా చేరాయన్నదే వివాదం. మనం ఏదో వెబ్‌సైట్ చూస్తే ఫోన్ తనంతట తాను కొన్ని దాచుకుంటుంది, తెలిసి దించుకుంటే వేరు. 46 చిత్రాల విషయంలో అతను తెలిసే ఉంచుకున్నాడని చెప్పలేనన్నాడు జడ్జి. మిగిలిన 13 విషయంలో, మొగ్గు లెక్కన, తెలిసే చేసుంటాడన్నాడు. ఇది క్రిమినల్ ట్రయల్ అయ్యుండి, నేనే జ్యూరీనైతే ప్రభుత్వం ఓడిపోయేదని కూడా అదే జడ్జి రాశాడు. అయినా ఆ రకం నేరాలకు చట్టంలో ఒక ప్రత్యేక క్లాజు ఉంది: తప్పు తేలితే కనీసం ఐదేళ్లు, గరిష్ఠంగా జీవితాంతం. ఐదేళ్లు వేయక తప్పలేదు. తన చేతిలో ఉంటే రెండేళ్లో, అంతకన్నా తక్కువో వేసేవాణ్నని జడ్జి అన్నాడు.

ఇలాంటి నేరం చేసినవాడి మీద జాలి పడమని నేనడగను, నాకూ లేదు. ఇక్కడ ప్రశ్న అతను చేశాడా లేదా అన్నదే. దానికి సమాధానం చెప్పాల్సిన మనిషే నాకు సందేహం ఉందంటున్నాడు. సందేహం ఉన్నా పంపక తప్పదని చట్టం అంటోంది.

సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురుగా చీలి ఆ క్లాజును కొట్టేసింది. జస్టిస్ గోర్సచ్ నలుగురి తరఫున రాస్తూ, కొత్త నిజం ఒకటి తేల్చి కనీస శిక్ష పెంచేటప్పుడు అది జ్యూరీ ముందు, సందేహానికి తావు లేకుండా తేలాలన్నారు. జస్టిస్ ఆలిటో నలుగురి తరఫున తీవ్రంగా విభేదించారు. ఈ తర్కం ఒప్పుకుంటే మొత్తం సూపర్‌వైజ్డ్ రిలీజ్ పద్ధతే కూలుతుందని. ఐదో ఓటు జస్టిస్ బ్రేయర్‌ది. ఆయన ఆ ఒక్క క్లాజు వరకే తప్పన్నారు: కొన్ని నేరాలకే వర్తించడం, జడ్జి విచక్షణ లాగేసుకోవడం, ఐదేళ్ల కనీస శిక్ష, ఈ మూడూ కలిసినందువల్ల. మామూలు రద్దు విచారణలను ముట్టుకోలేదు. అందువల్ల కింది కోర్టులు హేమండ్‌ను ఆ గీత దాటనివ్వడం లేదు. 2022లో రెండో సర్క్యూట్ అప్పీల్ కోర్టులో పెగెరో కేసు వచ్చినప్పుడు, కొత్త నేరం ఆరోపించినప్పుడైనా రాజ్యాంగ రక్షణలు ఉండాలని జడ్జి అండర్‌హిల్ ఒక్కరే పొడవైన అసమ్మతి రాశారు. మెజారిటీ ఒప్పుకోలేదు.

రుజువు భారం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా వదిలేసే సంగతి ఒకటుంది. రద్దు విచారణ జరిగేదాకా మనిషి బయట ఉండాలా లోపల ఉండాలా అన్నది ఫెడరల్ క్రిమినల్ ప్రొసీజర్‌లోని రూల్ 32.1 చెబుతుంది. నేను పారిపోను, ఎవరికీ ప్రమాదం కాను అని నిరూపించాల్సింది ఆ మనిషే. అది కూడా మొగ్గు లెక్కన కాదు, స్పష్టంగా, నమ్మదగ్గట్టుగా. అంటే అంతకంటే ఎక్కువ స్థాయి. తప్పు చేశాడని చెప్పే ప్రభుత్వానికి 51 శాతం చాలు. విచారణ దాకా ఇంట్లో ఉండనివ్వండి అనేవాడికి అంతకు చాలా ఎక్కువ కావాలి. ఈ రెండు నియమాలూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, ఇది ఎవరో ఆలోచించి రాసిన పద్ధతని నాకు నమ్మకం కుదరదు.

దీని ఫలితం చాలా మామూలుగా ఉంటుంది. లోపల ఉన్నవాడు ఉద్యోగం పోతుందని, ఇంటి అద్దె ఆగిపోతుందని ఒప్పేసుకుంటాడు. విచారణ దాకా వెళ్లినా, సాక్ష్య చట్టంలోని మామూలు నియమాలు అక్కడ వర్తించవు. విన్న మాటలు, పోలీసు రిపోర్టులో రాసిన మాటలు జడ్జి పరిగణించొచ్చు. 1998లో పెన్సిల్వేనియా పెరోల్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు, అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని పెరోల్ రద్దు విచారణలో పక్కన పెట్టనక్కర్లేదంది. కింది కోర్టులు అదే దారిలో వెళ్తున్నాయి. ఇవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే చిన్న మినహాయింపుల్లా ఉంటాయి. తక్కువ రుజువు చాలు, ఆ తక్కువ రుజువు కూడా వడపోయని సాక్ష్యంతో సరిపెట్టుకోవచ్చు అంటే మాత్రం మిగిలేది ఏమిటి?

ఇక నేరం కోర్టులో వీగిపోయినవాళ్ల సంగతి. రాష్ట్ర కోర్టులో జ్యూరీ నిర్దోషి అన్నా, అదే సంఘటన మీద ఫెడరల్ జడ్జి సూపర్‌వైజ్డ్ రిలీజ్ రద్దు చేయొచ్చు. సందేహం ఉందనే కదా జ్యూరీ వదిలింది, ఇక్కడ సందేహం ఉన్నా పర్వాలేదు కాబట్టి వైరుధ్యం లేదంటారు. తర్కం పరంగా నిజమే. ప్రాసిక్యూటర్ కోణంలో చూస్తే ఇది ఎంత సౌకర్యమో ఆలోచించండి. బలహీనమైన కేసును జ్యూరీ ముందు పెట్టి ఓడిపోవడం ఎందుకు? చార్జి పెట్టకుండా వదిలేసి, పాత కేసు కింద రద్దు అడిగితే సరి. పని తక్కువ, గెలుపు దగ్గర.

2020లో యూఎస్ సెంటెన్సింగ్ కమిషన్ వేసిన రిపోర్టు ప్రకారం 2013 నుంచి 2017 దాకా ఐదేళ్లలో, ప్రొబేషన్ (జైలుకు బదులు వేసే పర్యవేక్షణ), సూపర్‌వైజ్డ్ రిలీజ్ కలిపి, ఫెడరల్ కోర్టుల్లో లక్షకు పైగా ఉల్లంఘన విచారణలు జరిగాయి. అందులో చాలావాటిలో రుజువు స్థాయి వల్ల ఫలితం మారదు, ఇది నేను ఒప్పుకోవాలి. డ్రగ్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది, ల్యాబ్ నిర్ధారించింది. మీటింగ్‌కి రాలేదు, ఆ మనిషే రాలేదంటున్నాడు. ఇలాంటివాటికి 51 అడిగినా 99 అడిగినా ఒకటే. అక్కడ అసలు సమస్య రుజువు కాదు, షరతులు అన్ని ఉండటం. రుజువు స్థాయి మనిషి తలరాత మార్చేది ఒక రకం కేసుల్లోనే: కొత్త నేరం జరిగిందంటారు, అతను లేదంటాడు, చార్జి లేదు లేదా నిలవలేదు. పడే శిక్షలు పెద్దవిగా ఉండేది కూడా ఈ రకంలోనే.

బావ వాదన ఇక్కడ ఇంకో మలుపు తిరిగింది. “మరి భార్యను కొట్టినవాడి సంగతో? ఆవిడ భయపడి కోర్టుకు రాదు. నువ్వు చెప్పినట్టు చేస్తే వాడు తప్పించుకుంటాడు కదా.” ఇది గట్టి ప్రశ్న, నా దగ్గర దీనికి పూర్తి సమాధానం లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. సాక్షి రాలేనప్పుడు ఏం చేయాలన్నది వేరే నియమం. తగిన కారణం ఉంటే ఆమె మాటను ఇంకో విధంగా తీసుకోవచ్చని మోరిస్సీ నుంచే ఉంది. దాన్ని అలాగే ఉంచుదాం. ఎమర్జెన్సీ ఫోన్ కాల్ రికార్డు, ఆసుపత్రి కాగితాలు, గాయాల ఫొటోలు కలిపి సందేహం లేకుండా చేసే కేసులు చాలానే ఉంటాయి. అవేవీ లేకుండా ఒక పోలీసు రిపోర్టులోని నాలుగు వాక్యాలతో రెండేళ్లు వేయాలంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

జడ్జికి ఆ మనిషి ముందే తెలుసు కదా, మొదటి శిక్ష వేసింది ఆయనే కదా అనేవాళ్లూ ఉన్నారు. శిక్ష ఎంత వేయాలో జడ్జిలకు సూచించే సెంటెన్సింగ్ గైడ్‌లైన్స్ కూడా రద్దును నమ్మకద్రోహానికి వేసే శిక్షగా చూస్తూ వచ్చాయి: కోర్టు నమ్మింది, నువ్వు ఆ నమ్మకం పోగొట్టావు అని. సరే, కానీ ద్రోహం జరిగిందో లేదో ముందు తేలాలి కదా. నమ్మి మోసపోయానేమో అన్న అనుమానంలో ఉన్న మనిషికి 51 శాతం దాటడం చాలా తేలిక. జడ్జిలూ మనుషులే.

2025 జూన్‌లో వచ్చిన ఎస్టెరాస్ తీర్పు నా వాదనకు కొంచెం బలమిచ్చింది. జస్టిస్ బారెట్ రాసిన ఆ తీర్పులో ఏడుగురు, రద్దు నిర్ణయం తీసుకునేటప్పుడు మొదటి నేరానికి ప్రతీకారంగా శిక్షించే ఉద్దేశాన్ని లెక్కలోకి తీసుకోకూడదన్నారు. రద్దు తర్వాత పడే జైలు పాత నేరపు శిక్షలో భాగమని 2000లో అన్నారు. పాత నేరానికి శిక్షించడం కోసం ఇది వాడకూడదని 2025లో అన్నారు. ఈ రెండూ కలిపితే, ఆ మనిషి లోపలికి వెళ్తున్నది ఆ కొత్త పని వల్లే అని చెప్పడం తప్ప దారి లేదు. అలాంటప్పుడు ఆ కొత్త పనిని రుజువు చేయండి.

నేను అడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. ప్రతి రద్దుకీ పన్నెండుమంది జ్యూరీ కూర్చోవాలని అనను, ఆలిటో భయపడిన పతనం నాకూ వద్దు. రద్దు వ్యవస్థ కూలితే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) మొదటి శిక్షలనే పెంచొచ్చు, అది ఇంకా చెడ్డది. సూపర్‌వైజ్డ్ రిలీజ్ చట్టంలో జడ్జి మొగ్గు లెక్కన తేల్చాలన్న ఒక వాక్యభాగం ఉంది. దాన్ని కాంగ్రెస్ మార్చొచ్చు. కొత్త నేరం ఆరోపిస్తే జడ్జి ముందే, కానీ సందేహానికి తావు లేకుండా. మిగిలిన ఉల్లంఘనలకు జైలు అడిగితే స్పష్టంగా, నమ్మదగ్గట్టుగా, అంటే బెయిల్ కోసం ఆ మనిషిని అడుగుతున్నంత. జైలు కాకుండా షరతులు మార్చడం, కౌన్సెలింగ్, కర్ఫ్యూ లాంటివైతే ఇప్పుడున్న స్థాయి చాలు. పేపరు పని పెరుగుతుంది, ప్రొబేషన్ ఆఫీసర్లు సణుగుతారు. సణగనివ్వండి.

కాంగ్రెస్ కదిలేదాకా ఏం చేయాలన్నది ఆఫీసులో మేం మాట్లాడుకుంటాం. ఒక్లహోమా జడ్జి చేసింది ఎవరైనా అడగొచ్చు. మొగ్గు లెక్కన తప్పు తేలిందని చెప్పేటప్పుడు, ఎక్కువ రుజువు కావాల్సి వస్తే మీ నిర్ణయం ఇదేనా అని రికార్డులో చెప్పమని కోరడం. చెప్పాల్సిన బాధ్యత జడ్జికి లేదు. ఇప్పుడు వివాదం ఉన్న ప్రతి కేసులో మా బాస్ పిటిషన్‌కి ఇచ్చే జవాబు చివర ఆ అభ్యర్థన చేరుస్తున్నారు, టైపు చేసేది నేనే. కొందరు జడ్జిలు దాన్ని చూడనట్టే దాటేస్తారు. కొందరు జవాబిస్తారు. ఇచ్చినప్పుడు, శిక్ష ఎంత వేయాలన్న దగ్గర ఆ జవాబు పట్టుకుని వాదించడానికి మాకు ఒక ఆధారం దొరుకుతోంది.